నిజాంసాగర్ మీద ఒక తీసివేత లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "నేవీలో ముప్పై ఏండ్లు చేసినవు గదా, సముద్రం గురించి ఒక అరగంట మాట్లాడు" అన్నడు. నేను సరేనన్నాను. తర్వాత ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే, నస్రుల్లాబాద్ పిల్లలకు సముద్రం గురించి చెప్పి ఏం లాభం అనిపించింది. మన ఊరి నుంచి బంగాళాఖాతం నాలుగు వందల కిలోమీటర్ల పైనే. కానీ బాన్సువాడ మీదుగా పోతే నిజాంసాగర్ ఎంత దూరం? సైకిల్ మీద పోయి వచ్చినవాళ్ళు ఈ సభలో సగం మంది ఉంటారు. మన పొలాలకు నీళ్ళు అక్కడి నుంచే, మన పిక్నిక్‌లు అక్కడికే. అందుకని సముద్రంలో నేర్చుకున్నది నిజాంసాగర్‌కు అన్వయించి చెబుతాను. నేర్చుకోక ముందు జరిగినది కూడా చెబుతాను. అది చెప్పడానికి నాకు నలభై ఏడేండ్లు పట్టింది.

1978లో మేం పదో తరగతి పరీక్షలు రాశాం. నా పక్కన అదే బెంచీ మీద కూర్చునే దోస్తు ఒకడు ఉండేవాడు. వాని పేరు చెప్పను. మొన్న వాళ్ళ అమ్మ దగ్గరికి పోయి, "సభలో ఈ సంగతి చెప్పాలనుకుంటున్న, చెప్పమంటవా అమ్మా?" అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెప్పు బిడ్డా, పిల్లలకు చెప్పు. పేరు మాత్రం చెప్పకు. పేరు వింటే నేను ఆడ కూసోలేను" అన్నది. ఆమె ఇప్పుడు ఈ సభలోనే ఉంది.

మా దోస్తు మేనమామ నిజాంసాగర్‌లో చేపలు పట్టేవాడు. కట్టకు ఎగువన, ఒడ్డు మీద వాళ్ళ ఇల్లు. పరీక్షలైన తర్వాత మే నెలలో మేమిద్దరం, వాని చిన్న తమ్ముడు, ముగ్గురం అక్కడికి పోయి నాలుగు రోజులున్నాం. ఎండాకాలం కదా, నీళ్ళు బాగా లోపలికి పోయినయి. నీళ్ళ మధ్యలో ఒక గడ్డ తేలింది. దాని మీద తాటిచెట్లు. ముంజలు తిందామని, మామ మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు ఆయన పుట్టి తీసుకుని మేమిద్దరం బయల్దేరాం. తమ్ముడికి ఎనిమిదేండ్లు; నువ్వు వద్దురా అని ఒడ్డు మీద వదిలేశాం. అదొక్కటే ఆ రోజు మేం చేసిన మంచి పని.

పోయేటప్పుడు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు పడమటి నుంచి గాలి లేచింది. పుట్టి గుండ్రంగా ఉంటుంది, దానికి ముందు వెనుక లేదు. గాలి తగిలితే గిర్రున తిరుగుతుంది. తెడ్డు వేసిన కొద్దీ పక్కకు కొట్టుకుపోతున్నాం. ఒక్కసారిగా అడుగున గట్టిది ఏదో తగిలింది. ఏమైందోనని ఇద్దరం ఒకే పక్కకు వంగి చూశాం. పుట్టి తలకిందులైంది. నాకు ఈత రాదు. వానికి బాగా వచ్చు. వాడు నన్ను జుట్టు పట్టి లాగి బోర్లాపడ్డ పుట్టి మీదికి తోశాడు. తర్వాత వాడు కొట్టుకుపోతున్న తెడ్డు కోసం పోయాడు. అక్కడ నీళ్ళ కింద సర్కారు తుమ్మ మోళ్ళు ఉన్నాయి. మళ్ళీ పైకి రాలేదు. తమ్ముడు ఒడ్డు నుంచి చూసి మామను లేపుకొచ్చాడు. నన్ను బయటికి తీశారు. వాణ్ణి మర్నాడు పొద్దున తీశారు. ఈత వచ్చినవాడు పోయినడు, రానివాడు మిగిలినడు.

పుట్టికి తగిలింది ఒక బావి ఒర. నిజాంసాగర్ కట్టినప్పుడు నలభైకి పైగా ఊళ్ళను ఖాళీ చేయించారని మన పెద్దలు చెప్పేవారు. ఊళ్ళు ఖాళీ అయినా బావులు, గోడలు, గుడి అరుగులు ఎక్కడికి పోతాయి? నీళ్ళ కిందనే ఉంటాయి. పది రోజుల తర్వాత మామ నాతో ఒక మాట అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. "ఆ ఒర ఆడున్నదని నాకెరికే బిడ్డా. నేను చెప్పలే. మీరడగలే" అన్నాడు. ఆ ఒక్క మాట నా బతుకును ఎటు తీసుకుపోయిందో ఇప్పుడు చెబుతాను.

రెండేండ్ల తర్వాత నేవీలో చేరాను. శాఖ ఎంచుకునే వీలు వచ్చినప్పుడు హైడ్రోగ్రఫీ అడిగాను. అంటే సముద్రం లోతు కొలిచి చార్టులు తయారు చేసే శాఖ. దాని పెద్దాఫీసు ఎక్కడుందో పిల్లలు చెప్పగలరా? విశాఖపట్నం కాదు, ముంబై కాదు. హిమాలయాల కింద డెహ్రాడూన్‌లో! ఓడలన్నీ నడిచే చార్టులు కొండల పక్కన అచ్చవుతాయి. శిక్షణ గోవాలో. పని మాత్రం నీళ్ళ మీదనే. పొద్దున్నుంచి సాయంత్రం వరకు దున్నే రైతులాగ సమాంతరంగా సాళ్ళు వేసుకుంటూ పోవడం, ప్రతి సాలులో లోతులు రాసుకోవడం. ముప్పై ఏండ్లు అదే వ్యవసాయం.

చార్టు అంటే ఏమిటి? నేల మీది పటం మనకు దారి చూపిస్తుంది. నీళ్ళ మీది చార్టు ఎక్కడ పోవద్దో చూపిస్తుంది. మీ జేబులో ఫోన్ ఉంది. అందులో మ్యాప్ తెరిచి నిజాంసాగర్ చూడండి. మొత్తం ఒకటే నీలం. ఆ నీలంలో మోకాలిలోతు నీళ్ళకూ తాటిచెట్టు లోతుకూ తేడా లేదు. ఫోన్ మీరు ఎక్కడున్నారో బాగానే చెబుతుంది, మీ కింద ఏముందో చెప్పదు. అసలు చార్టులో ఇంకో చిత్రం ఉంది. అందులో నీలం రంగు వేసేది తక్కువ లోతున్న చోట. లోతైన నీళ్ళు తెల్లగా వదిలేస్తారు. ఒకప్పుడు మునిగి ఒకప్పుడు తేలే నేలకు ఆకుపచ్చ. కొత్తగా చూసేవాళ్ళు నీలమంటే లోతు అనుకుని సరిగ్గా ఉల్టా పోతారు. అందుకని చార్టు తెరవగానే మొదట మూలన ఉన్న వివరాలు చదవాలి: లోతులు మీటర్లలోనా, అడుగులలోనా? ఏ మట్టం నుంచి కొలిచారు? ఏ సంవత్సరంలో సర్వే చేశారు? ఈ మూడు తెలియకుండా లోపలి అంకెలు చూడడం, తూకంరాయి ఎంతో తెలియకుండా బియ్యం కొన్నట్టు.

రెండో ప్రశ్న దగ్గర ఆగుదాం. అదే ఈ రోజు అసలు పాఠం. నీటి మట్టం నిలకడగా ఉండదు. సముద్రానికి పోటు, పాటు ఉంటాయి. అందుకని సముద్రపు చార్టులలో లోతును, నీళ్ళు అంతకన్నా దాదాపు తగ్గవు అనే కనిష్ఠ మట్టం నుంచి లెక్కించి రాస్తారు. చార్టులో మూడు మీటర్లని ఉంటే మామూలుగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అమెరికా, కెనడాల మధ్య ఉన్న పెద్ద సరస్సులకు కూడా ఇట్లాగే ఒక్కో సరస్సుకు ఒక కనిష్ఠ మట్టం పెట్టుకున్నారు. మన నిజాంసాగర్‌లో పోటుపాట్లు లేవు గాని, వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య మట్టం చాలా అడుగులు మారుతుంది. కాలువకు నీళ్ళు వదిలినప్పుడు రోజురోజుకూ మారుతుంది.

అయితే మనకు ఒక సౌకర్యం ఉంది. నిజాంసాగర్ పూర్తి మట్టం 1405 అడుగులని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అవి సముద్ర మట్టం నుంచి లెక్కించిన అడుగులు. వానాకాలంలో ఏ రోజు ఎంత మట్టం ఉందో పేపర్లో వస్తుంది. కనుక చెరువు అడుగును కూడా అదే లెక్కలో రాసి పెట్టుకుంటే చాలు. ఉదాహరణకు ఒక బావి ఒర పైఅంచు 1392 అడుగులు అనుకోండి. ఈ రోజు మట్టం 1400. తీసివేస్తే ఒర మీద 8 అడుగుల నీళ్ళు. హాయిగా పోవచ్చు. నెల తర్వాత మట్టం 1395. ఒర మీద 3 అడుగులే. మనుషులు ఎక్కిన మోటారు బోటు, కింద తిరిగే రెక్కతో కలిపి రెండున్నర అడుగులు మునుగుతుందనుకోండి. అడుగుకూ ఒరకూ మధ్య మిగిలింది అర అడుగు. గాలి లేచి అలకు బోటు ఒక అడుగు కిందికి పోయిందంటే తగులుతుంది. మట్టం 1393 అయితే పుట్టి కూడా జాగ్రత్త పడాలి. మట్టం 1390 అయితే భయం లేదు, ఒర కళ్ళకు కనిపిస్తుంది. చూశారా, అన్నిటికన్నా ప్రమాదమైనది నిండు చెరువు కాదు, ఎండిన చెరువు కాదు. ఒరను కనపడీ కనపడకుండా దాచే నీళ్ళు. మామ ఎప్పుడూ అనేవాడు, "నీళ్ళు తక్కువున్నయని మోసపోకుండ్రి. తక్కువున్నప్పుడే రాళ్ళు మీదికొస్తయి" అని.

మూడో తరగతిలో నేర్చుకునే తీసివేత లెక్క ఇది. చార్టు వాడడంలో సగం విద్య ఇదే. ఆ రోజు మాకు తీసివేత వచ్చు. తీసివేయడానికి అంకె ఎవరూ రాసి పెట్టలేదు.

మూడో ప్రశ్న, సర్వే సంవత్సరం. నిజాంసాగర్‌ను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. మూడు కిలోమీటర్ల కట్ట, దాని మీద బండి పోయే దారి. కట్టినప్పుడు దాని సామర్థ్యం 29.7 టీఎంసీలు. ఇప్పుడు లెక్కలో ఉన్నది 17.8. పోయిన నీళ్ళ జాగాలో ఏముంది? ముఖ్యంగా పూడిక. మంజీర మోసుకొచ్చిన మన్ను. నది చెరువులో కలిసే చోట వేగం తగ్గుతుంది, ముందు ఇసుక దిగుతుంది, తర్వాత సన్నని ఒండ్రు. కనుక ఎగువ భాగంలో అడుగు ఎక్కువగా మారుతూ ఉంటుంది. పది, ఇరవై ఏండ్ల కింద కొలిచిన అంకెను అక్కడ నమ్మలేం. చార్టు కూడా పాతబడుతుంది. పాత చార్టు అబద్ధం చెప్పదు, పాత నిజం చెబుతుంది.

ఇది మన చెరువుకే ఉన్న సంగతి కాదు. మన సంఘం పుట్టిన 1975లోనే, నవంబరు 10న, అమెరికా, కెనడాల మధ్య ఉన్న సుపీరియర్ సరస్సులో ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే ఓడ మునిగిపోయింది. ఆ సరస్సు మన తెలంగాణ విస్తీర్ణంలో దాదాపు నాలుగింట మూడొంతులు. ఓడ పొడవు 729 అడుగులు. తుఫానులో 29 మంది సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. ఎందుకు మునిగిందో ఇప్పటికీ వాదన ఉంది. పైమూతల నుంచి నీళ్ళు చేరాయని కొందరు, కరిబూ దీవి దగ్గరి దిబ్బకు అడుగు తగిలిందని కొందరు. రెండో వాదనలో ఒక సంగతి నన్ను పట్టి ఉంచింది. తర్వాత చేసిన సర్వేలో ఆ దిబ్బ చార్టులో చూపించిన దానికన్నా ఇంకా ముందుకు ఉందని తేలింది. అంత పెద్ద ఓడ, అంత పెద్ద దేశం, అయినా గీత కొంచెం తప్పు. అందుకే చార్టులో గీత ఉన్న చోట ఆగవద్దు, గీతకు ఇంకా ఇవతలే ఆగాలి అని మాకు నేర్పేవారు.

ఉద్యోగం అయిపోయి ఊరికి వచ్చిన తర్వాత నాకు ఒక ఆలోచన పట్టుకుంది. ఎక్కడెక్కడి రేవులకో లోతులు కొలిచాను. నా దోస్తు పోయిన నీళ్ళకు ఒక్క అంకె రాయలేదు. వాని తమ్ముడు, ఆ రోజు ఒడ్డు మీద నిలబడ్డ పిల్లవాడు, ఇప్పుడు అక్కడే చేపలు పడుతున్నాడు. ఆయన దగ్గరికి పోయి అడిగాను. "పా అన్నా, కొలుద్దాం" అన్నాడు. అడగవలసిన చోట అడిగి అనుమతి తీసుకున్నాం. కట్ట దగ్గరికి, గేట్ల దగ్గరికి పోమని రాసి ఇచ్చాం. రెండు ఎండాకాలాలు, ఒక్కో పొద్దున మూడు గంటలు, ఎగువ ఒడ్డున ఒక చిన్న భాగం కొలిచాం.

ఎట్లా కొలిచాం? పెద్ద యంత్రాలేమీ లేవు. పన్నెండు అడుగుల వెదురు గడ, అడుగుకొక ఎర్ర గీత. గడ అందని చోట తాడుకు సీసపు గుండు. తాడు తడిసినప్పుడు, ఎండినప్పుడు దాని పొడవు మారుతుంది. అందుకని తాడును ముందే నానబెట్టి తడిగా ఉన్నప్పుడే గుడ్డపేలికలతో గుర్తులు కట్టాం. ఎక్కడున్నామో తెలియడానికి చేతిలో పట్టే జీపీఎస్. తర్వాత మా అబ్బాయి చేపలు చూసే చిన్న ఎకో సౌండర్ కొనిచ్చాడు. అది నీళ్ళలోకి శబ్దం పంపి, అడుగుకు తగిలి వెనక్కి వచ్చే సమయం చూస్తుంది. నీళ్ళలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. పోయి రావడానికి సెకనులో నూరో వంతు పడితే లోతు ఏడున్నర మీటర్లు. బాగానే పనిచేసింది గాని, బురద మెత్తగా ఉన్న చోట యంత్రం ఒకటి చెబుతుంది, గడ ఇంకొకటి చెబుతుంది. గడ బురదలోకి దిగిపోతుంది కదా. అట్లాంటి చోట రెండూ రాసుకుని, తక్కువ లోతునే పటంలో పెట్టాం. అనుమానం వస్తే తక్కువ లోతే రాయాలి, అది మా శాఖ ధర్మం.

ప్రతి రోజూ పొద్దున, పని ముగిసిన తర్వాత మట్టం తెలుసుకునేవాళ్ళం. మట్టం 1398, గడ లోతు 9 అడుగులు అయితే అడుగు 1389. ఆ 1389నే పటం మీద వేశాం. ఎన్నేళ్ళకు ఎవరు చూసినా, వాళ్ళ రోజు మట్టం నుంచి దాన్ని తీసివేసుకుంటే చాలు.

మామ అప్పటికి బాగా ముసలివాడు. పుట్టిలో మధ్యన కూర్చోబెట్టుకుని తిప్పాం. ఆయనకు నీళ్ళ కింద మొత్తం ఊరు కనిపిస్తుంది. "ఇది బొడ్రాయి జాగ. ఆడ మోట బావి. ఈడ ఈతవనం ఉండె, మోళ్ళున్నయి, వల ఎయ్యకుండ్రి." ఎట్లా గుర్తుపడుతున్నావు మామా అంటే చెయ్యి చాచి చూపించాడు. దగ్గరలో ఒక గుర్తు, దాని వెనుక దూరంగా గుట్ట మీద ఇంకో గుర్తు. రెండూ ఒక్క వరుసలో కనిపిస్తే అది దారి. వెనుకది కుడికి జరిగితే మనం కుడికి తప్పినం, ఎడమకు జరిగితే ఎడమకు తప్పినం. నేను నవ్వాను. ప్రపంచంలో చాలా రేవుల చార్టులలో ఆ గీత ఉంటుంది. రాత్రిపూట కోసం ఆ రెండు గుర్తుల మీద దీపాలు పెడతారు. మాకు దాన్ని తరగతి గదిలో నేర్పారు. మామకు వాళ్ళ నాయన నేర్పాడు. తేడా ఒక్కటే. మాది రాసి ఉంది, ఆయనది రాసి లేదు.

ఆ బావి ఒర కూడా దొరికింది. చార్టు భాషలో నీళ్ళ కింది ప్రమాదకరమైన రాయికి గుర్తు కూడిక గుర్తు, దాని చుట్టూ చుక్కల గీత. ఆ గుర్తు నేను వేయలేదు. పెన్సిల్ తమ్ముడికిచ్చాను. ఆయన వేశాడు.

ఇప్పుడు పిల్లల కోసం, పిల్లలను నిజాంసాగర్‌కు తీసుకుపోయే పెద్దల కోసం నాలుగైదు మాటలు.

ఒకటి. ఈత వచ్చినా రాకున్నా లైఫ్ జాకెట్ లేకుండా నీళ్ళ మీదికి పోవద్దు. దాన్ని బోటులో కుప్పగా పెట్టడం కాదు, ఒంటికి వేసుకుని పట్టీలు బిగించాలి. మునిగే బోటులో జాకెట్ వెతుక్కునే సమయం ఉండదు. ట్యూబులు, థర్మాకోల్ తెప్పలు చేపలు పట్టేవాళ్ళకు తప్పని పనిముట్లు. మనకు అవి ఆటవస్తువులు కావు.

రెండు. బరువు, సమతూకం. 1990 మార్చిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని మోస్తున్న బార్జి ఒరిగి విగ్రహం నీళ్ళలో పడింది. కూలీలు చనిపోయారు. విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టడానికి 1992 డిసెంబరు దాకా పట్టింది. బోటు మునగడానికి రంధ్రం పడనక్కర లేదు, బరువు ఒక పక్కకు జరిగితే చాలు. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు పోతారు చూడండి, అది మేమిద్దరం ఆ రోజు చేసిన తప్పే. బోటులో నిలబడవద్దు. ఏదైనా తగిలితే వంగి చూడవద్దు, అడుగున కూర్చోవాలి.

మూడు. వరద. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో పాపికొండలకు పోతున్న రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. నది వరదలో ఉంది. మన వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి పోయిన కుటుంబాలవాళ్ళు అందులో ఉన్నారు. బోటును పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. మనకూ ఎగువన సింగూరు ఉంది. పైన వాన పడితే మన దగ్గర ఎండ కాస్తున్నా నీళ్ళు వస్తాయి. గేట్లకు దిగువన నది మధ్య బండల మీదికి ఎప్పుడూ పోవద్దు. గేట్లకు ఎగువన బోటు పోవద్దు. సైరన్ మోగితే సామాను కోసం వెనక్కి పోవద్దు.

నాలుగు. గాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటిన తర్వాత ఈదురుగాలి ఎప్పుడు లేస్తుందో తెలియదు. పెద్ద చెరువులో గాలి ఎంత దూరం నీళ్ళ మీద పరుగెత్తితే అల అంత పెరుగుతుంది. గాలి వచ్చే ఒడ్డున నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి, ఆవలి ఒడ్డున కొట్టుకుంటుంటాయి. బయల్దేరిన చోటు చూసి మొత్తం చెరువును అంచనా వేయవద్దు. పనేదో పొద్దున్నే ముగించుకుని రావాలి. పడమట మబ్బు నల్లబడితే దగ్గరి ఒడ్డుకు పోవాలి, మన ఊరి ఒడ్డుకు కాదు.

అయిదు. ఒడ్డు మీద ఒక మనిషికి చెప్పి పోవాలి. ఎక్కడికి పోతున్నాం, ఎంతమందిమి, ఎన్ని గంటలకు వస్తాం. ఓడల్లో ఇదంతా పుస్తకంలో రాస్తారు. మనకు నోటిమాట చాలు. ఆ ఎనిమిదేండ్ల పిల్లవాడు ఒడ్డు మీద లేకపోతే నేను ఇక్కడ లేను.

చట్టం గురించి కూడా ఒక మాట. 1917 నాటి పాత చట్టం జాగాలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. మోటారు బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం ఉండాలి. డబ్బులిచ్చి ఎక్కేవాళ్ళు ఆ కాగితం చూపించమని అడగవచ్చు. మన మంజీర 2016 చట్టంలోని 111 జాతీయ జలమార్గాల జాబితాలో కూడా ఉంది. రేపు నిజంగా బోట్లు వస్తే సంతోషమే. వాటికన్నా ముందు చార్టు రావాలి.

ఇక నా మనవి. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా బడి గేటుకు స్వాగత తోరణం కడదామని మన సంఘం చందాలు పోగు చేసింది. నేనూ ఇచ్చాను. తోరణం వద్దనడం లేదు. దాన్ని కొంచెం చిన్నది చేసుకుందామంటున్నాను. మిగిలిన డబ్బుతో ముప్పై లైఫ్ జాకెట్లు కొని బడిలో పెడదాం, పిల్లలు పిక్నిక్‌కు పోయిన ప్రతిసారీ వెంట పోతాయి. మా పటాన్ని పెద్దగా అచ్చు వేయించి నోటీసు బోర్డు పక్కన ఒకటి, చేపలు పట్టేవాళ్ళ సంఘం గదిలో ఒకటి పెడదాం. పక్కన చిన్న నల్లబల్ల ఉండాలి. ఈ రోజు మట్టం ఎంతో లెక్కల సారు దగ్గర తెలుసుకుని ఒక పిల్లవాడో పిల్లో రోజూ రాయాలి.

అది చిన్న పటం. చెరువులో చాలా కొద్ది భాగం. అందులో తప్పులు ఉండవచ్చు. కింద సర్వే సంవత్సరం, కొలిచినవాళ్ళిద్దరి పేర్లు ఉన్నాయి. ఆ కింద జాగా ఖాళీగా వదిలాను. ప్రతి ఎండాకాలం ఈ బడి పూర్వ విద్యార్థులు ఇద్దరైనా వచ్చి ఇంకొంత కొలిచి ఆ జాగాలో వాళ్ళ పేరు, సంవత్సరం రాయాలి. గడ నా దగ్గర ఉంది, తాడు ఉంది. పుట్టి తమ్ముడు తెస్తాడు. అక్కడి ముసలివాళ్ళను అడిగి రాసుకోవలసింది ఇంకా చాలా ఉంది. మామ పోయిన సంవత్సరం కాలం చేశాడు.

పిల్లలూ, ప్రసంగం అయిపోయింది. పటం బయట వరండాలో బల్ల మీద పరిచి ఉంది. మట్టం 1396 అయితే ఆ చుక్కల గీత లోపల నీళ్ళు ఎన్ని అడుగులుంటాయో లెక్క చేసి, భోజనాలకు పోయేముందు నాకు చెప్పి పోండి.